మూసిన తలుపు ముందు యాభై నిమిషాలు: లోపం ఆటగాళ్ల స్వభావంలోనా, నేను ఆడించే తీరులోనా?

మూడోపాచిక | శనివారం, మధ్యాహ్నం 12:10

ఎనిమిది నెలలుగా ఒక జట్టుకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడిస్తున్నాను. తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ, మాటలతో కథ నడిపే ఆట ఇది. ఆ లోకాన్ని కట్టి ఆడించే నాలాంటివారిని డంజన్ మాస్టర్ అంటారు. ఆటగాళ్లు ఐదుగురు. ఇద్దరు డాలస్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు విశాఖలో ఉంటారు. ఇక్కడ ఇండియాలో శనివారం ఉదయం ఏడున్నరకు మొదలుపెడితే ఈ వేసవి నెలల్లో డాలస్‌లో శుక్రవారం రాత్రి తొమ్మిది. పాత్ర వివరాలు రాసుకునే షీటు మీద ఉన్న మాటలు తప్ప మిగిలిందంతా తెలుగులోనే నడుస్తుంది.

ఈ రోజు ఆట చిత్తడి నేలలో సగం మునిగిన గుడి దగ్గరికి వచ్చింది. గుడికి ఒక రాతి తలుపు ఉంది. దానికి తాళం లేదు, ఉచ్చు లేదు, తోస్తే తెరుచుకుంటుంది. ఆ తలుపు ముందు యాభై నిమిషాలు గడిచిపోయాయి. విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) ఆడే ఆయన తలుపు గురించి ఇరవై ప్రశ్నలు అడిగారు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే అబ్బాయి విసుగుపడి, మాటల మధ్యలో క్లెరిక్ (పూజారి పాత్ర) సంచిలోంచి మందు సీసా కొట్టేశాడు. బార్డ్ (పాటలు కట్టే పాత్ర) ఆడే ఆవిడ ఏదో కథ మొదలుపెట్టి, ఎవరూ వినకపోయేసరికి ఆపేశారు. చివరికి అందరిలో పెద్దవారైన మా యోధుడు “సరే, వెనక్కి వెళ్దాం” అన్నారు. అందరూ వెళ్లిపోయారు. క్లెరిక్ ఆడే అమ్మాయి మూడు గంటల్లో నాలుగు వాక్యాలు మాట్లాడింది. నేను లెక్కపెట్టాను.

నెల రోజులు కూర్చుని కట్టిన గుడి అది. దానికన్నా ఎక్కువగా బాధ పెట్టింది ఇంకొకటి: విడివిడిగా చూస్తే వీళ్లు ఐదుగురూ చాలా మంచివాళ్లు, తెలివైనవాళ్లు. కలిసి కూర్చుంటే ఎందుకిలా అవుతోంది? ఆటగాళ్ల స్వభావాలు కలవడం లేదా, నేనే ఏదో తప్పు చేస్తున్నానా?

అటకమీదిమ్యాపు | శనివారం, మధ్యాహ్నం 1:35

మీ వర్ణన చదువుతుంటే ఐదుగురూ నాకు తెలిసినవాళ్లలాగే ఉన్నారు. ఎవరు దేని కోసం వస్తున్నారో ముందు తేల్చుకోండి.

ఈ ప్రశ్న ఈ ఆటంత పాతది. ఆట అచ్చయింది 1974లో. 1980లోనే గ్లెన్ బ్లాకో అనే ఆయన డిఫరెంట్ వరల్డ్స్ పత్రికలో ఆడే పద్ధతుల్ని నాలుగుగా విడదీశారు: పాత్రలో లీనమవడం, కథ అల్లడం, బలం పెంచుకోవడం, యుద్ధవ్యూహం పన్నడం. 2002లో ఇలాంటి ఆటలు తయారుచేసే రాబిన్ లాస్ ఆటగాళ్లను ఏడు రకాలుగా చూపించారు. ఐదో ఎడిషన్‌కు 2014లో వచ్చిన డంజన్ మాస్టర్ల గ్రంథంలో కూడా మొదట్లోనే ‘మీ ఆటగాళ్లను తెలుసుకోండి’ అన్న భాగం ఉంది. నటించడం, అన్వేషించడం, గొడవ రేపడం, పోరాడడం, లెక్కలు వేసి పాత్రను పదును పెట్టడం, చిక్కుముడి విప్పడం, కథ చెప్పడం అని ఏడు ఇష్టాలు అక్కడ కనిపిస్తాయి.

మీ విజార్డ్‌కు చిక్కుముడి కావాలి. రోగ్‌కు ఏదో ఒకటి జరగాలి, అది గొడవైనా ఫర్వాలేదు. బార్డ్‌కు కథ కావాలి. మీ తలుపు ముందు ఈ ముగ్గురికీ ఏమీ లేదు. చిక్కు లేని తలుపులో ఒకరు చిక్కు వెతికారు, ఏమీ జరగని చోట ఇంకొకరు జరిపించారు.

మాట్లాడని అమ్మాయి గురించి మరీ దిగులు పడకండి. లాస్ చెప్పిన ఏడు రకాల్లో ఊరికే నలుగురితో కూర్చోవడానికి వచ్చేవాళ్లూ ఒకరు. వాళ్లను ముందుకు నెట్టవద్దని, జట్టు నిలబడడానికి వాళ్లూ అవసరమని ఆయన గట్టిగా చెప్పారు.

వెన్నెలదీవి | శనివారం, సాయంత్రం 4:20

అటకమీదిమ్యాపు గారూ, ఆ జాబితాలు నేనూ చదివాను. ఆడించేవారికి తమ గుడిలో ఏం లోటుందో చూసుకోవడానికి అవి పనికొస్తాయి. మనుషుల మీద అతికించే చీటీలుగా మాత్రం వద్దు. మీ చివరి పేరా చూడండి. ఆ అమ్మాయి నాలుగు వాక్యాలే మాట్లాడిందని తెలియగానే ఆమె ‘ఊరికే కూర్చునే రకం’ అయిపోయింది.

నేను రెండు జట్లలో ఆడాను. మొదటి జట్టులో రెండేళ్లు దాదాపు మూగగా కూర్చున్నాను. అక్కడ ఎవరైనా ఒక ఆలోచన చెబితే వెంటనే ఇంకొకరు దానికన్నా మంచిది చెప్పేవారు. నా మాట నోట్లో తయారయ్యేలోపు చర్చ మూడు మలుపులు తిరిగేది. రెండో జట్టులో నలుగురమే. ఆడించే ఆవిడ ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవారు. అక్కడ ఆరు నెలల్లో నా పాత్ర ఓడకు నాయకురాలైంది. మనిషిని నేనే, పాచికలు అవే. నాది ఏ రకం అని అడిగితే ఏ జట్టులోనో చెప్పమని అడుగుతాను.

గ్యారీ అలన్ ఫైన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని మినియాపోలిస్ ప్రాంతపు ఆటగాళ్ల మధ్య కూర్చుని, వాళ్లతో కలిసి ఆడి, 1983లో ఒక పుస్తకం రాశారు. బల్ల దగ్గర ప్రతి ఒక్కరూ మూడు పొరల్లో ఉంటారని ఆయన గమనించారు. అడుగున మామూలు మనిషి, దాని పైన నియమాలు తెలిసిన ఆటగాడు, ఆ పైన పాత్ర. ఒక పొరలో జరిగినది ఇంకో పొరలోకి కారుతూనే ఉంటుంది.

మూడోపాచిక గారూ, మీ యోధుడు “వెనక్కి వెళ్దాం” అన్నప్పుడు ఆ మాట ఏ పొర నుంచి వచ్చింది? అందరూ ఏ పొర నుంచి విన్నారు?

మూడోపాచిక | శనివారం, సాయంత్రం 5:05

ఈ ప్రశ్న చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒక సంగతి మొదటి పోస్టులో రాయలేదు, అవసరం లేదనుకున్నాను. క్లెరిక్ ఆడే అమ్మాయికి యోధుడు ఆడే ఆయన వరసకు అన్నయ్య. వాళ్ల బాబాయి కూతురే ఆమె. ఇద్దరికీ పద్నాలుగేళ్ల తేడా ఉంది. ఆమెను ఆటకు పరిచయం చేసింది కూడా ఆయనే. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు, ఎవరినీ తక్కువ చేయరు. అయినా ఆయన ఒక మాట అన్నాక ఎవరూ ఇంకో మాట అనరు. నాతో సహా.

తాటితోపు | శనివారం, రాత్రి 8:50

ఇప్పుడు అసలు విషయం దగ్గరికి వచ్చాం. దీని గురించి ఇంగ్లీషులో ఎన్ని సలహాలు చదివినా దొరకదు. అక్కడ ఈ చిక్కు లేదు. రాణి అయినా పనివాడైనా ఒకటే ‘యూ’. మనకు నువ్వు ఉంది, మీరు ఉంది. పాత్ర నోరు తెరిచేలోపే మనిషి వయసు వాక్యంలోకి వచ్చేస్తుంది.

మా జట్టులో జరిగిన సంగతి చెబుతాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు చక్రవర్తి పాత్ర తీసుకున్నాడు. నలభై దాటిన ఒకాయన అతని కాపలాదారు. యుద్ధం మధ్యలో చక్రవర్తి ఆజ్ఞ ఇవ్వాలి. కుర్రాడు “మీరు... కొంచెం ఆ ద్వారం దగ్గరికి వెళ్తారా అండీ?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరికీ అది వింతగా తోచలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో చక్రవర్తి మాయమైపోయాడు. అంతకు ముందు ఆ కుర్రాడిని నేను ‘నటించడం రాని ఆటగాడు’ అనుకునేవాడిని. అతనికి నటించడం బాగా వచ్చు. పెద్దవారిని నువ్వు అనడానికే నోరు రాలేదు. ఇంట్లో నేర్పిన మర్యాద అది, తప్పు కాదు.

దానికి మేం చేసినది చిన్న పనే. సెషన్ జీరో అని మొదటి ఆటకు ముందు అందరం కూర్చుని మాట్లాడుకుంటాం కదా. అందులో ఒక గంట కేవలం సంబోధనలకే పెట్టుకున్నాం. ఏ పాత్ర ఏ పాత్రను ఏమని పిలుస్తుందో కాగితం మీద రాశాం. చక్రవర్తి కాపలాదారును నువ్వు అంటాడు. కాపలాదారు ప్రభూ అంటాడు, మీరు అంటాడు. ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ మాట ముందుగా పెద్దాయన నోటి నుంచే వచ్చింది. “నన్ను నువ్వు అను, నాకు సరదాగా ఉంటుంది” అన్నారు. చిన్నవాళ్లు తమంతట తాము ఆ అనుమతి తీసుకోలేరు. పెద్దవాళ్లు ఇవ్వాలి.

ఆన్‌లైన్‌లో ఆడుతున్నారు కాబట్టి ఇంకొకటి కూడా చేయండి. తెర మీద కనిపించే పేర్లు మార్చేయండి. అన్నయ్య పేరు కనిపిస్తున్నంతసేపూ అన్నయ్యే కనిపిస్తారు.

ఏడోఅంతస్తు | శనివారం, రాత్రి 10:15

ఇక్కడ విజార్డ్ తరఫున మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి నేను మాట్లాడతాను. ఇరవై ప్రశ్నలు అడిగే మనిషిని నేనే. ప్రతి జట్టులోనూ.

నేను ఆడిన మొదటి కాంపెయిన్‌లో, అంటే నెలల తరబడి సాగే ఒకే కథలో, ఒక గదిలోకి అడుగుపెట్టాను. “పైకప్పు చూశావా? చూశానని చెప్పలేదు కదా” అన్నారు ఆడించినాయన. పైనుంచి రాయి పడింది, ఏడు నెలలు పెంచిన పాత్ర చచ్చిపోయింది. ఆ రోజు నుంచి నేను పైకప్పు చూస్తాను, నేల చూస్తాను, గోడ తడతాను, తలుపు బిజాగరీలు ఎటున్నాయో అడుగుతాను. చూసేవాళ్లకు అది చాదస్తం. నాకు అది బతకడం. జాబితాల్లో నా పేరు ‘వ్యూహకర్త’ అని ఉంటుంది. నిజానికి నేను దెబ్బ తిన్న మనిషిని.

మీ విజార్డ్‌కు అలాంటి గతం ఉందో లేదో అడిగి చూడండి. ఉంటే, “అడగనంత మాత్రాన నేను ఎవరినీ చంపను. మీ పాత్రలకు అనుభవం ఉంది, కంటికి కనిపించే ప్రమాదం ఏదైనా ఉంటే నేనే చెబుతాను” అని నోరు తెరిచి ఒక్కసారి చెప్పండి. నా ఇప్పటి డంజన్ మాస్టర్ ఆ మాట చెప్పిన రోజు నా ప్రశ్నలు సగానికి తగ్గాయి. మిగిలిన సగం ఇష్టంతో అడిగేవి.

గడియారం పెట్టమని, మూడు నిమిషాల్లో తేల్చమని ఎవరో ఒకరు చెబుతారు. దయచేసి అది మొదటి మందుగా వాడకండి. భయపడే మనిషికి గడువు పెడితే భయం పెరుగుతుంది.

నల్లరేగడి | శనివారం, రాత్రి 10:40

మీ యోధుడు చేస్తున్న పనికి పాత రోజుల్లో పేరే ఉండేది. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన ఈ ఆట బేసిక్ నియమాల్లో ‘కాలర్’ అని ఒక బాధ్యత ఉంది. జట్టంతా మాట్లాడుకున్నాక నిర్ణయాన్ని డంజన్ మాస్టర్‌కు చెప్పే మనిషి. పటం గీసే పని ఇంకొకరిది. తర్వాత తర్వాత ఆ పద్ధతి వాడుకలోంచి పోయింది. కానీ పని పోలేదు. ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. పేరు లేని పని ఎప్పుడూ పెద్దవారి చేతికో, గొంతున్నవారి చేతికో వెళ్తుంది.

కాబట్టి పేరు పెట్టండి, వారానికొకరికి ఇవ్వండి. మేం ‘ఈ వారం గొంతు’ అంటాం. ఆ మనిషి తన ఇష్టం చెప్పనక్కర్లేదు, అందరినీ అడిగి తేలినది చెబితే చాలు. మాట్లాడనివాళ్లకు ఇది సొంత అభిప్రాయం చెప్పడం కన్నా చాలా సులువు.

అర్ధరాత్రిటీ | ఆదివారం, ఉదయం 6:30

డాలస్ దగ్గర ఉంటాను, నేనూ ఇలాగే భారతదేశంలోని స్నేహితులతో ఆడతాను. వేళల గురించి ఎవరూ అనలేదు. అక్కడివాళ్లు నిద్రలేచి, కాఫీ తాగి కూర్చుంటారు. ఇక్కడివాళ్లు వారమంతా పనిచేసి, పిల్లల్ని పడుకోబెట్టి కూర్చుంటారు. మూడు గంటల ఆట అంటే మాకు అర్ధరాత్రి వరకు. పదకొండు తర్వాత నేను వేరే మనిషిని. నా మాటల్లో ఓపిక ఉండదు, ఏదో ఒకటి తేల్చేయాలనిపిస్తుంది. మీ తలుపు దగ్గరికి వచ్చేసరికి డాలస్‌లో ఎంతయింది? విసుగుపడిన రోగ్ ఎక్కడ ఉంటాడు?

మూడోపాచిక | ఆదివారం, ఉదయం 9:15

రాత్రి పదకొండు దాటింది. రోగ్ డాలస్‌లోనే ఉంటాడు. యోధుడు కూడా.

ఇది నాకు తట్టనే లేదు.

పాతసంచి | ఆదివారం, ఉదయం 11:00

అలసట ఒప్పుకుంటాను. అయినా తోటి ఆటగాడి సంచిలో చెయ్యి పెట్టడాన్ని అంత తేలిగ్గా వదలకూడదు. ఇలాంటివాళ్లు ప్రతిసారీ “నా పాత్ర అలాంటిది, నేనేం చేయను” అంటారు. పాత్రను తయారు చేసింది ఎవరు? దొంగ స్వభావం రాసుకున్నప్పుడే, స్నేహితుల దగ్గర దొంగిలించని దొంగను కూడా రాసుకోవచ్చు. పైగా ఎవరి సంచిలో పెట్టాడో చూడండి. యోధుడి సంచిలో కాదు, అన్ని ప్రశ్నలు అడిగే విజార్డ్ సంచిలో కాదు. ఎదురు చెప్పని అమ్మాయి సంచిలో.

మా జట్టులో ఒకే నియమం ఉంది. ఒక ఆటగాడి పాత్ర ఇంకో ఆటగాడి పాత్ర మీద ఏదైనా చేయాలంటే, ఫలితం ఏమిటో ఆ రెండో మనిషి చెబుతారు. పాచిక వేయరు. “సీసా పోయిందని నాకు తెలియలేదు” అనవచ్చు, “నీ చెయ్యి పట్టుకున్నాను” అనవచ్చు. ఈ ఒక్క మార్పుతో దొంగతనాలు దాదాపు ఆగిపోయాయి. జరిగినవి కూడా ఇద్దరూ కోరుకున్న సన్నివేశాలయ్యాయి.

వెన్నెలదీవి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఆ నియమం చాలా నచ్చింది, మా జట్టుకు తీసుకువెళ్తున్నాను. ఎవరి సంచి అన్న మాట కూడా నిజం. కానీ అది అతనికి తెలిసి చేశాడని అనుకోను. ఎదురు తిరగని చోటు ఎక్కడుందో చెయ్యికి ముందే తెలుస్తుంది, మనసుకు తర్వాత తెలుస్తుంది. అతనితో విడిగా మాట్లాడండి, అందరి ముందు వద్దు.

అటకమీదిమ్యాపు | ఆదివారం, సాయంత్రం 6:45

వెన్నెలదీవి గారూ, చీటీ అతికించానన్న మాట ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మాయి గురించి తెలియకుండా అనేశాను.

మూడోపాచిక గారు ‘నెల రోజులు కట్టిన గుడి’ అన్నారు కదా, దానికి ఒక సంగతి చెప్పాలనిపించింది. ఈ ఆట పుట్టకముందు, 1960ల చివర్లో, మినెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధక్రీడలు ఆడే తన బృందానికి కొత్త ఆట తయారు చేశాడు. ప్రష్యాలో బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణం. సైన్యాలు వచ్చి ఢీకొనేలోపు సరదాగా ఉంటుందని కొందరికి పట్టణంలోని వ్యక్తుల పాత్రలు ఇచ్చాడు. ఆటగాళ్లు సైన్యాల కోసం ఆగలేదు. పక్కకు వెళ్లి గుసగుసలాడుకున్నారు, బేరాలు పెట్టుకున్నారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి దిగారు, దానికి అతని దగ్గర నియమాలే లేవు. అనుకున్న యుద్ధం జరగనే లేదు. వెస్లీ తన ఆట పూర్తిగా విఫలమైందనుకున్నాడు. ఆటగాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు. ఆ బృందంలోనే ఉన్న డేవ్ ఆర్నెసన్ తర్వాత బ్లాక్‌మూర్ అనే తన కల్పిత లోకంలో ఆట ఆడించాడు. గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974 నాటి ఆటకు రూపమిచ్చాడు.

మనం ఆడుతున్నది అసలు ఆటగాళ్లు తలుపు తెరవకుండా పక్కకు వెళ్లడం వల్ల పుట్టిన ఆట. మీ జట్టు తలుపు ముందు నిలబడిపోయినప్పుడు వాళ్లు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుతున్నారో వినండి. గుడి ఎక్కడికీ పోదు.

మూడోపాచిక | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 1:20

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం చేసినవి, జరిగినవి రాస్తున్నాను.

ముందు యోధుడు ఆడే అన్నయ్యకు ఫోను చేశాను. తాటితోపు గారి చక్రవర్తి కథ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నేను వెనక్కి వెళ్దాం అన్నది నిద్ర వచ్చి. దాన్ని మీరంతా నిర్ణయం అనుకున్నారా?” అన్నారు. ఎనిమిది నెలలుగా తానే జట్టును నడుపుతున్నానని ఆయనకు తెలియదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆట ఆగిపోతుందని, మాకు సాయం చేస్తున్నానని అనుకుంటున్నారు.

విజార్డ్ ఆడే ఆయనను అడిగాను. ఏడోఅంతస్తు గారిలాంటి గాయం ఏమీ లేదట. ఆయనకు ఆ గుళ్లు, తలుపులు, రాళ్లు ఎలా కట్టారో తెలుసుకోవడమే ఇష్టమట. కాబట్టి ఆయనకు పటం గీసే పని ఇచ్చాను. ఈ రోజు ప్రశ్నలు తగ్గలేదు కానీ, జవాబులు గీత గీతగా అందరికీ కనిపిస్తుంటే ఎవరికీ విసుగు రాలేదు.

ఆటను రెండు గంటలకు కుదించాను. తెర మీద పాత్రల పేర్లే పెట్టుకున్నాం. ‘ఈ వారం గొంతు’ క్లెరిక్‌కు వచ్చింది.

మొదటి అరగంట కష్టంగా గడిచింది. ఆమె ప్రతి వాక్యం చివర ఆగి అన్నయ్య ఏమంటారోనని చూసేది. ఆయన మాట్లాడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డారో మా అందరికీ వినిపించింది. గుడి లోపల నీళ్లు పైకి రావడం మొదలైంది. ఇద్దరు బందీలు ఉన్నారు, ఒక్కరికే సమయం ఉంది. అప్పుడు యోధుడు, “అమ్మా, మీరు దేవుడి మాట వినగలవారు. నేను కత్తి పట్టేవాడిని. ఎవరిని తెమ్మంటారో చెప్పండి” అన్నారు. చెల్లెల్ని మీరు అన్నారు.

ఆమె ఏమీ అనకుండా ఉండిపోయింది. నేను ఈసారి ఆగాను, మనసులో పదిహేను వరకు లెక్కపెట్టాను. “ముసలాయన్ని తీసుకురా. వెళ్లు” అంది. తర్వాత ఆటలో ఆమె ఎన్ని వాక్యాలు మాట్లాడిందో లెక్కపెట్టలేదు.

బార్డ్ ఆవిడ, చనిపోయిన రెండో బందీ గురించి చివర్లో ఒక పాట కట్టి పాడారు. అందరూ విన్నారు.

రోగ్ విషయం మాత్రం తేలలేదు. పాతసంచి గారి నియమం చెబితే ఒప్పుకున్నాడు, కానీ ఆట మొత్తం ముభావంగా ఉన్నాడు. అయిపోయాక, కొన్ని వారాలు రానని సందేశం పెట్టాడు. అడిగితే కారణం చెప్పలేదు.

పాతసంచి | శనివారం, మధ్యాహ్నం 2:05

నేను కొంచెం కటువుగా రాశానేమో. నియమం చెప్పినప్పుడు అందరూ ఉన్నారా?

మూడోపాచిక | శనివారం, మధ్యాహ్నం 2:10

ఉన్నారు. విడిగా చెప్పమని వెన్నెలదీవి గారు ముందే రాశారు. ఆట మొదట్లో అన్ని మార్పులూ ఒకేసారి చెబుతూ అది కూడా చెప్పేశాను. పేరు ఎత్తలేదు. కానీ ఎవరి గురించో అందరికీ తెలుసు.

వెన్నెలదీవి | శనివారం, మధ్యాహ్నం 2:30

సందేశాలు పెట్టకండి, ఫోను చేయండి. డాలస్‌లో ఇప్పుడు తెల్లవారుజాము. రేపు ఉదయం అతనికి శనివారం రాత్రి అయినప్పుడు చేయండి. ఆట గురించి కాకుండా, ఎలా ఉన్నావని అడగండి. సీసా గురించి అతనే ఎత్తితే వినండి.

మూడోపాచిక | శనివారం, మధ్యాహ్నం 2:34

రేపు ఉదయం ఏడున్నరకు చేస్తాను.